బృందగేయసంధాత విలియం డాసన్: ఒక విమర్శ

కావ్యమునకుఁ గర్త యొకఁడు, వ్యాఖ్యాత యొకఁడు, పరిష్కర్త యొకఁడు. ఈ మువ్వురి మర్యాదలును పండితలోకమునకుఁ దెలిసినవే. కాని నోటినుండి నోటికి వచ్చుచున్న పాటను గ్రహించి, దానికి స్వరలిపి కల్పించి, పలుకంఠములు కలసి పాడుటకుఁ దగిన రూపము నిచ్చువానికి నేమని పేరు పెట్టవలయును? ఆతఁడు కర్త కాఁడు, పాట యాతనికంటె ముందే పుట్టినది. వ్యాఖ్యాత కాఁడు, అర్థవివరణ మాతని పని కాదు. పరిష్కర్త యందమన్న, మాతృకలో లేని యక్షరమును జొనిపిన పరిష్కర్త దోషి యగును. ఈతఁడో మూలమున లేని స్వరములను బుటలకొలఁదిగాఁ జేర్చును. పాశ్చాత్యసంగీతమున నిట్టివానిని 'అరేంజర్' అందురు. ఇచ్చట వానికి సంధాత యను పేరు వాడఁబడును. సంధాత చేసిన పని పాటను రక్షించినదా, చెఱచినదా యను ప్రశ్నము మౌఖికవాఙ్మయము కల ప్రతిజాతికిని సంబంధించినదే. ఆ ప్రశ్నము నిశితముగాఁ బరీక్షింపఁబడిన రంగములలో నొకటి అమెరికా నల్లజాతివారి భక్తిగేయసముదాయము. అం దగ్రగణ్యులైన సంధాతలలో నొకఁడు విలియం లీవై డాసన్.

ఈ గేయములను 'స్పిరిచువల్స్' అందురు. దాస్యము చట్టరీత్యా రద్దయిన 1865వ సంవత్సరమునకుఁ బూర్వము అమెరికా దక్షిణరాష్ట్రములయందలి ప్రత్తిచేలలోను, రాత్రివేళ రహస్యప్రార్థనలలోను బానిసలు వీనిని బాడుకొనిరి. కర్త పేరు లేదు. ఉన్నను వాఁడు గుంపులో నొకఁడు. పాడు పద్ధతి యెట్టిదనఁగా, ఒకఁడు పాట నెత్తును, తక్కినవా రందుకొందురు. మన భజనగోష్ఠులవలెనే యని తోఁచును గాని యొక భేదము కలదు. భజనలో ననుచరులందఱు నొక్క వరుసనే పాడుదురు. ఇచ్చట నట్లు కాదు. 1867లో విలియం ఆలెన్, చార్ల్స్ వేర్, లూసీ గ్యారిసన్ అను మువ్వురు వీనిని సంకలించి 'స్లేవ్ సాంగ్స్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్' అను గ్రంథమును బ్రకటించిరి. పీఠికలో ఆలెన్ తన సంకటమును దాఁచలేదు. ఈ గాయకులు చర్చిలోని బృందమువలెఁ గంఠములను విభజించుకొని పాడరనియు, అయినను ఏ యిద్దఱును ఒక్కటే పాడుచున్నట్లు తోఁపదనియు, ఒకఁడు నడుమ విడిచి వేఱొకచోట నందుకొనుననియు, స్వరములు మెట్లపై నిలువక జాఱుననియు, ఇది కాగితమునఁ బట్టువడునది కాదనియు నాతని తాత్పర్యము. సంధాతల చరిత్ర యంతయు నీ యొప్పుకోలునుండియే మొదలగుచున్నది.

నాష్‌విల్ నగరమందలి ఫిస్క్ విద్యాలయము 1866లో స్థాపితమై, అయిదేండ్లలోనే ద్రవ్యలోపమున మూఁతపడు స్థితికి వచ్చెను. అందలి కోశాధికారియు సంగీతోపాధ్యాయుఁడును అగు జార్జి వైట్, 1871 అక్టోబరులోఁ దొమ్మండుగురు విద్యార్థులను వెంటఁబెట్టుకొని ధనార్జనకై గానయాత్ర కేఁగెను. 'జూబిలీ గాయకులు' అను పేరుతో వారు అమెరికాలోను, 1873లో ఇంగ్లండులోను బాడి విద్యాలయమును నిలిపిరి. విక్టోరియా రాణియు వారి పాట వినెను. ఈ యాత్రవలన గేయములు లోకమునకుఁ దెలిసినవి. కాని రూపము మాఱినది. శ్రోతలు తెల్లవారు, వారి చెవి కెక్కుటకై గేయములకుఁ జర్చికీర్తనల స్వరమేళనము తొడుగఁబడెను. అనఁగా నాలుగు కంఠశ్రేణులలోఁ బైది వరుసను బాడఁగా, క్రింది మూఁడును స్తంభములవలె దాని క్రింద నిలుచును. తరువాత హ్యారీ బర్లీ (1866–1949) వీనిని బియానోతోఁ గూడిన యేకకంఠగానములుగాఁ గూర్చెను. న్యూయార్కునకు వచ్చియుండిన డ్వొర్జాక్ మహాశయునికి ఈ పాటలు వినిపించినవాఁ డీతఁడే. హాంప్టన్ విద్యాలయమున నథానియెల్ డెట్, న్యూయార్కున హాల్ జాన్సన్ బృందగానమునఁ గృషి చేసిరి. ప్రచురణమున డాసన్ బర్లీ, డెట్‌ల తరువాతివాఁడు. వెనుక వచ్చినవానికి ముందువారి తప్పులు కనఁబడును. ఆ సౌకర్య మీతనికిఁ గలిగెను.

డాసన్ 1899 సెప్టెంబరు 26న అలబామా రాష్ట్రమందలి ఆనిస్టన్ పట్టణమున జన్మించెను. ఏడుగురు సంతానములోఁ బెద్దవాఁడు. 13 ఏండ్ల ప్రాయమున నిల్లు విడిచి టస్కీగీ విద్యాలయమునకుఁ బాఱిపోయెను. బుకర్ వాషింగ్టన్ 1881 మొదలుకొని నడపుచుండిన యా విద్యాలయమున వృత్తివిద్యలు ప్రధానములు. బీదవిద్యార్థి కాయకష్టము చేసి చదువుకొనవచ్చును. డాసన్ వ్యవసాయశాఖలోఁ గూలిపనియు, సంగీతశాఖలోఁ బుస్తకములు భద్రపఱచు పనియుఁ జేసెను; పలువాద్యములు నేర్చెను; విద్యాలయగాయకులతో దేశము తిరిగెను. వాషింగ్టన్ తన ప్రార్థనామందిరమున భక్తిగేయములను బాడించుటయందుఁ బట్టుదల కలవాఁడు. కాఁబట్టి డాసన్ ఈ పాటలను బుస్తకమునఁ జూచి నేర్చినవాఁడు కాఁడు. వందలకొలఁది విద్యార్థుల నడుమ నిలిచి, విని, పాడి నేర్చినవాఁడు. ఈ సంగతి యాతని కృతులను బరీక్షించునపు డక్కఱకు వచ్చును.

1921లో టస్కీగీ చదువు ముగిసెను. పిమ్మటఁ గాన్సస్ సిటీలో నల్లవారి లింకన్ ఉన్నతపాఠశాలయందు సంగీతము బోధించుచు, హార్నర్ లలితకళాసంస్థలోఁ జదివి 1925లో సంగీతపట్టభద్రుఁ డయ్యెను. పట్టప్రదానోత్సవమున నాతఁడు రచించిన వాద్యకృతి వాయింపఁబడెను. కర్త మాత్రము వేదిక నెక్కి పట్టమందుకొనుటకు వలనుపడలేదు. నల్లవారి కేర్పడిన పైయంతస్తుననే కూర్చుండవలసి వచ్చెను. సంధాత మర్యాద యేమన్న ప్రశ్నమున కది యొక సమాధానము. ఆ సంవత్సరమే 'కింగ్ జీసస్ ఈజ్ ఎ-లిసనింగ్' అను గేయసంధానము షికాగోలో నచ్చుపడెను. తరువాత నా నగరమున అమెరికన్ కన్సర్వేటరీలోఁ జదివి 1927లో ఉన్నతపట్టమును బొంది, సివిక్ ఆర్కెస్ట్రాలో ట్రాంబోన్ వాయించెను. 1931లో టస్కీగీ సంగీతశాఖ కధ్యక్షుఁడుగా మఱలివచ్చి యించుమించు పాతికేండ్లు పనిచేసెను. హేజెల్ హారిసన్ వంటి పియానోవాదకురాలిని, ఆబీ మిచెల్ వంటి గాయనిని బోధకులుగా రప్పించెను. వృత్తివిద్యలకుఁ బేరుపడిన చోట నిట్టి సంగీతశాఖ వెలయుట వింతయే.

ఆతని బృందము నూఱుగురు గాయకులది. 1932 డిసెంబరు 27న న్యూయార్కులో రేడియో సిటీ మ్యూజిక్ హాలు ప్రారంభమైనపు డా బృందము పాడెను. అది యార్థికమాంద్యకాలము, పాటవలన వచ్చు ధనమును, పేరును విద్యాలయమునకుఁ గావలసియుండెను. విద్యకు ధనము, ధనమునకుఁ బాట, పాటకుఁ దెల్లశ్రోత: ఫిస్క్ యాత్రనాఁటి బేరమే యిది. తరువాతి యాక్షేపణకు వేరు ఈ బేరమునందే కలదు.

ఆక్షేపించినది జోరా నీల్ హర్‌స్టన్. ఈమె నవలాకర్త్రి, మానవశాస్త్రమున శిక్షణ పొంది ఫ్లారిడా పల్లెలలోఁ దిరిగి జానపదవాఙ్మయమును సేకరించిన విదుషి. 1934లో నాన్సీ క్యూనార్డ్ ప్రకటించిన 'నీగ్రో' అను సంకలనమున నామె వ్రాసిన చిన్నవ్యాసము, పెద్దగ్రంథములు చేయలేని పని చేసెను. వేదికలపై వినవచ్చునవి స్పిరిచువల్సే కావనియు, వాని నాధారము చేసికొని రచింపఁబడిన క్రొత్తకృతులనియు నామె వాదము. అసలైన గేయము గుంపుది. అం దొకసారి పాడినట్లు మఱియొకసారి పాడరు. ప్రతి పాడుకయు నూతనసృష్టియే. స్వరములు నొకదానితో నొకటి యొరసికొనుటయే యందలి యందము; ఆ గఱుకుదనమును నునుపుచేసినచోఁ బ్రాణము పోవును. గాయకుని యూపిరి చప్పుడును బాటలో భాగమే, అది మఱుగుపఱుపవలసిన దోషము కాదు. బర్లీ, డెట్, హాల్ జాన్సన్ మొదలగువారి కృతులు మంచివే కావచ్చును గాని యవి వేఱు వస్తువులని యామె నిష్కర్షించెను. ఆమె పేర్కొన్నవారిలో డాసన్ పేరు లేదు. అయినను బాణ మాతనిని దాఁకకపోదు.

దీనికిఁ దొమ్మిదేండ్లు ముందుగా అలేన్ లాక్ అను తత్త్వవేత్త, తాను సంపాదించిన 'ది న్యూ నీగ్రో' (1925) గ్రంథమున వేఱుమార్గము చూపియుండెను. ఈ గేయములు స్వభావతః సామూహికములు కాఁబట్టి యేకకంఠగానము వాని కన్యాయము చేయుననియు, రష్యావారి బృందగానము వలె వీనికిని బృందరూపమున నున్నతి కలుగవలెననియు నాతని మతము. లాక్ మాటలో నాశ యున్నది. హర్‌స్టన్ మాటలోఁ జెవి యున్నది. డాసన్ కృతులు ఈ యిరువురి నడుమ నెచ్చట నిలుచునో చూడవలసియున్నది.

'ఎజీకియెల్ సా డి వీల్' (1942) అనునది యాతని గేయసంధానములలో మిక్కిలి ప్రసిద్ధము. ఎజీకియెల్ ప్రవక్త యాకాశమునఁ జక్రములోఁ జక్రమును జూచినట్లు బైబిలునఁ గలదు. ఆ చక్రములు తిరుగుటకు విశ్వాసమును, దైవకృపను జానపదకవి హేతువులుగాఁ జెప్పెను. చర్చిపద్ధతి సంధాత యగుచో ఈ పాటను నాలుగు స్తంభములపై నిలిపి విడిచియుండును. డాసన్ చేసిన దది కాదు. కంఠశ్రేణు లొక్కొక్కటియుఁ దన కాలమునఁ దానే ప్రవేశించును. ఒకటి పూర్తిగాక మున్నే వేఱొక టందుకొనును. కృతి ముగియుచున్నపు డర్థములేని ధ్వన్యక్షరములు క్రిందికంఠముల మొదలుపెట్టి పొరలు పొరలుగాఁ జేరి యొక యంత్రమువలెఁ దిరుగఁజొచ్చును. నాలుగు శ్రేణులును జీలి రెట్టింపగును. చక్రములోఁ జక్రమని చెప్పుట యొకటి, గానమునే చక్రములోఁ జక్రముగాఁ జేయుట యొకటి. అలంకారికులు శబ్దార్థముల యన్యోన్యశోభను గుఱించి చెప్పునది యిట్టిచోటఁ బ్రత్యక్షమగును. ఇచ్చట గమనింపవలసిన దింకొకటి కలదు. ఏ యిద్దఱును ఒక్కటే పాడుచున్నట్లు తోఁపదని 1867లో ఆలెన్ పడిన సంకటమే, 75 ఏండ్లకు డాసన్ చేతిలో రచనాసూత్ర మైనది. గుంపు పాడిన స్వరములను గాక, గుంపు పాడు ధర్మమును ఆతఁడు లిపికెక్కించెను. ధ్వన్యక్షరములు, అతిక్రమించి యందుకొనుట, క్రిందికంఠముల యెడతెగని తాడనము: ఇవి చర్చికీర్తనలోనివి కావు.

'సూన్ ఆ విల్ బి డన్' (1934) వేఱు తెఱఁగుది. ఇహలోకక్లేశము త్వరలోఁ దీఱును, పరలోకమునఁ దల్లిని గలసికొందునను భావము దీని ప్రాణము. తల్లిబిడ్డలను వేఱువేఱు యజమానులకు విక్రయించిన కాలమునఁ బుట్టిన పాట యిది. అందలి 'తల్లి' సామాన్యశబ్దము కాదు. డాసన్ పల్లవిని అన్ని కంఠములచేత నొక్కసారిగా, గుసగుసవలె మెల్లగా, పదములు త్రుంచినట్లుగాఁ బాడించును. చరణములయందు క్రిందికంఠములు బిగ్గరగాఁ బైకొనును. పల్లవి మఱల వచ్చునపుడు మఱల గుసగుస. రహస్యప్రార్థనలలో బయటివారికి వినఁబడకుండఁ బాడినవారి భయమును, ఆఁపుకొనలేక పగిలిన గొంతును ఒకదాని ప్రక్క నొకటి నిలిపినట్లు వినవచ్చును. ఇంతవఱకు నిర్దోషము. అంత్యమున మాత్రము పల్లవి యత్యుచ్చస్థాయి కెగసి, పైకంఠము వెలుఁగువలె విప్పుకొని, సభ నంతయు లేపి నిలుచును. ఇది గుంపు ధర్మము కాదు, వేదిక ధర్మము. ప్రార్థనాగోష్ఠిలోఁ బాట యలసి యాఁగును. సభలోఁ గరతాళములకుఁ జేయి చాఁచి యాఁగును. ఎజీకియెల్ గేయాంతమునందును ఈ దోషము కొంత కలదు. హర్‌స్టన్ ఆక్షేపణకు డాసన్ లొంగునది యిచ్చట.

'దేర్ ఈజ్ ఎ బామ్ ఇన్ గిలియద్' (1939) నందు సంధాత మిక్కిలి తక్కువ చేసెను, కాఁబట్టియే మిక్కిలి యెక్కువ సాధించెను. గిలియదు దేశమున లేపనమే లేదా యని యిర్మియా ప్రవక్త బైబిలున దుఃఖించి ప్రశ్నించును. బానిసకవి యా ప్రశ్నమునకు లేపన మున్నదని సమాధానము చెప్పెను. ప్రవక్త ప్రశ్నార్థకమునే ఈ యజ్ఞాతకవి నిటారుగా నిలిపి యాశ్చర్యార్థకముగా మార్చెనని హోవర్డ్ థర్మన్ 'డీప్ రివర్' (1945) అను గ్రంథమున రసవంతముగా వ్యాఖ్యానించెను. ఇంతటి మార్పు చేసినవాఁ డెవఁడో లోక మెఱుఁగదు. డాసన్ ఈ పాటను నొక్క స్త్రీకంఠమున కొప్పగించి, బృందమును వెనుకకుఁ దగ్గించెను. అలంకరణము లేదు, వేగము లేదు. మూలకవి చేసిన సాహసము వినఁబడునట్లు తాను ప్రక్కకుఁ దొలఁగెను. ఒకానొకచోటఁ దొలఁగుటయే పరిష్కర్త ప్రజ్ఞ యని తాళపత్రములతో నలసినవారికిఁ జెప్పనక్కఱలేదు.

ఇఁక భాషను గుఱించి. పై పేర్లయందలి 'ఆ', 'డి' యను రూపములు వ్యాకరణశుద్ధమైన యాంగ్లములు కావు. డాసన్ పాటలను నల్లవారి పలుకుబడిలోనే యచ్చువేసెను, ఆ పలుకుబడిలోనే పాడించెను. గ్రామ్య మన్నంతనే కనుబొమలు ముడివడు పండితులు మనదేశమున మాత్రమే కలరనుకొనరాదు. ఆ జాతి విద్యావంతులకును ఈ పలుకుబడియన్న వెగటు. దానికిఁ గారణము భాషాభిమానము మాత్రము కాదు. 19వ శతాబ్దమున ముఖమునకు మసిపూసికొని వేదికనెక్కిన తెల్లనటులు ఈ మాండలికమును బరిహాసమునకే వాడిరి. దానితో నది యవమానచిహ్న మయ్యెను. 1909లో హోవార్డ్ విశ్వవిద్యాలయపు విద్యార్థులు ఈ పాటలు పాడమని తిరస్కరించిరి. జేమ్స్ వెల్డన్ జాన్సన్ 1922లోఁ దన కవితాసంకలనపీఠికయందు, మాండలికకవిత్వమునకు హాస్యము, కరుణము అను రెండు మెట్లే మిగిలినవని వాపోయెను.

డాసన్ సమాధానము గాయకుని సమాధానము. ఉత్తమపురుషసర్వనామము ఆంగ్లమున 'ఐ' యను సంధ్యక్షరము. నూఱుగురు దానిని దీర్ఘముగాఁ బాడునపుడు మొదటి యచ్చు నుండి రెండవ యచ్చునకు నూఱుగురును ఒక్క క్షణముననే జాఱవలయును. లేనిచో ధ్వని చెదరును. మాండలికమున నది 'ఆ' యను శుద్ధదీర్ఘము. ఎంత సాఁగదీసినను మాఱదు. నాలుకను దంతముల నడుమ నుంచి యూఁదవలసిన ఆంగ్లహల్లు బృందగానమున సీత్కారమువలె వినఁబడును. దానికి మాఱుగా వచ్చు 'ద'కారసదృశధ్వని మృదువైనది, తాళమునకుఁ దాడనమైనది. అనఁగా గ్రామ్యరూపములు పాటకుఁ దగిలిన మకిలి కావు, పాటలోని ధ్వనిద్రవ్యమే. శుద్ధి చేసినచో లయ చెడును. 1955లో 'ఎట్యూడ్' పత్రికయందు ఈ గేయములను బాడవలసిన రీతిని గుఱించి యాతఁడు వ్రాసిన వ్యాసమునను మాండలికోచ్చారణకుఁ బ్రాధాన్య మిచ్చెను. ఆ వ్యాసనామమున నాతఁడు 'స్పిరిచువల్స్' అనక మతసంబంధమైన జానపదగేయము లనుట గమనింపఁదగినది. జానపదశబ్దమును గౌరవవాచకముగా నాతఁడు వాడెను. ఈ విషయమున డాసన్ వాదమే బలవత్తరము. జాన్సన్ చెప్పిన రెండు మెట్లు చదువుకొను పద్యమునకు వర్తించునుగాని పాడు పాటకు వర్తింపవు.

బోధకుఁడుగా డాసన్ నిష్కర్ష గలవాఁడని ప్రసిద్ధి. ఆతని బృందమునఁ బ్రత్యక్షరమునకును, ప్రతివిరామమునకును శాసనముండెను. 1946లో వాషింగ్టన్ నగరమందలి కాన్‌స్టిట్యూషన్ హాలులో నా బృందము పాడెను. 1939లో మేరియన్ ఆండర్సన్ వంటి మహాగాయనికి వర్ణభేదముచేత ద్వారము మూసిన సభామందిర మది. అట్టిచోట నిలుచు విద్యార్థులయం దొక్క లోపమును లోకము క్షమింపదని బోధకునికిఁ దెలియును. ఆ నిష్కర్షకు మూల మదియే కావచ్చును. కాని దాని వెల యేమి? గుంపులోఁ బాడువాఁడు తన కిష్టమైనచోట విడిచి తన కిష్టమైనచోట నందుకొనును. డాసన్ బృందమున విడుచుటయు నందుకొనుటయు వ్రాయఁబడియున్నవి. ధర్మము నిలిచినది, స్వేచ్ఛ పోయినది. 'ఎజీకియెల్' పాట యెన్నిసార్లు పాడినను ఒకే తీరునఁ దిరుగును. హర్‌స్టన్ కోరిన నూతనసృష్టి యందు లేదు, ఉండఁజాలదు. ఊపిరియు మఱుగుపడినది. ఈ నష్టమును డాసన్ అభిమానులు ఒప్పుకొనరు, ఒప్పుకొనుట మేలు. పాఠాంతరములు వేయి గల గ్రంథమున కొక్క పాఠము నిర్ణయించినపుడు తొమ్మిదివందల తొంబదితొమ్మిది మూలఁబడుట యెట్లు తప్పదో, ఇదియు నట్లే. అయితే హర్‌స్టన్ చూచి వినిన గోష్ఠులు వానంతట నవి నిలుచునవియు కావు. అచ్చువేసిన పత్రము లేకున్నచో నామె చెప్పిన తారతమ్యమును బోల్చి చూచుటకైనఁ దరువాతివారికి నాధారము తక్కువ యగును.

ఆ పత్రములు టస్కీగీ విద్యాలయముననే 'మ్యూజిక్ ప్రెస్' పేరుతో వెలువడెను. పిదప నీల్ కాస్ సంస్థద్వారా దేశమంతటఁ బాఠశాలలకుఁ జేరెను. 1956లో అమెరికా ప్రభుత్వము డాసన్‌ను స్పెయిన్ దేశమునకుఁ బంపఁగా నచ్చటి గాయకబృందములకు శిక్షణ మిచ్చెను. నేఁడు ఖండాంతరములలో ఈ గేయములు పాడు బృందములలోఁ బెక్కింటికి అలబామా పలుకుబడి వినికిడిలోనిది కాదు. కొందఱు మాండలికమును అవమానమని జంకి శుద్ధాంగ్లమునకు మార్చుకొందురు, కొందఱు హాస్యగాండ్రవలె నతిచేయుదురు. రెండును డాసన్ నిషేధించినవే.

సంధాత యను పేరే యాతని కర్తృత్వమును మఱుఁగుపఱచినది. 1934 నవంబరు 14న ఫిలడెల్ఫియా వాద్యబృందము లియొపోల్డ్ స్టొకౌస్కీ నాయకత్వమున 'నీగ్రో ఫోక్ సింఫొనీ' యను డాసన్ కృతిని బ్రథమముగా వాయించెను. కొన్ని దినములకు న్యూయార్కు కార్నెగీ హాలులోను వాయించెను. మూఁడు భాగముల యా కృతికి శృంగవాద్యమొకటి యారంభమున నెత్తు చిన్నవరుస బీజము. ఆఫ్రికానుండి మొదటి బానిసను గొనిపోయిన దినమున మానవశృంఖలలో నొక కొలికి తెగిపోయినదని, ఆ కొలికికి గుర్తుగా నీ వరుస యని కర్త తెలిపెను. శ్రోతలు మెచ్చిరి, పత్రికలు మెచ్చినవి. తరువాత వాద్యబృందములు దానిని మఱచినవి. డాసన్ 1952లోఁ బశ్చిమాఫ్రికాకుఁ బోయి, అచ్చటి తాళరీతులను విని, కృతిని సవరించెను. ఆ పాఠమును స్టొకౌస్కీ 1963లో గ్రామఫోను ఫలకమున కెక్కించెను. రెండవ సింఫొనీ యాతని పేర వెలువడలేదు. 1990 మే 2న మాంట్‌గమరీలో నాతఁడు చనిపోవునాఁటికి లోకమున కాతఁడు పాటలకూర్పరియే. ఫిలడెల్ఫియా బృందమువారే యా కృతిని మఱల వాయించి ధ్వనిముద్రణమును 2023లో వెలువరించిరి. ఆతని కాగితములు అట్లాంటాలోని ఎమొరీ విశ్వవిద్యాలయమున భద్రపఱుపఁబడియున్నవి.

డాసన్ శిష్యపరంపరలోఁ బేరుగన్నవాఁడు సంగీతవిద్వాంసుఁడు కాఁడు, నవలాకారుఁడు. రాల్ఫ్ ఎల్లిసన్ 1933లో సంగీతము నేర్వఁగోరి, సరకులబండ్లలో దొంగచాటుగాఁ బ్రయాణముచేసి టస్కీగీ చేరెను. ట్రంపెట్ వాయించెడివాఁడు. మూఁడేండ్లకు, చదువు ముగియకయే, కడపటి సంవత్సరపు వేతనమునకు ధనము సంపాదింపవలయునని న్యూయార్కునకుఁ బోయి మఱల చదువునకు రాలేదు. 1952లో 'ఇన్విజిబుల్ మ్యాన్' అను నవలను వెలువరించెను. అందు నల్లవారి విద్యాలయ మొకటి వర్ణింపఁబడినది. దానికి టస్కీగీ మాతృక యని పాఠకు లెఱుఁగుదురు. ప్రార్థనామందిరమున సాయంకాలము ధర్మకర్తలయెదుట బృందమునుండి యొక చిన్నది లేచి వాద్యసహాయము లేక పాడును. ఆ స్వరమునకు గుండె కరగును. కాని యెవరి ప్రీతికొఱ కా పాట పాడఁబడుచున్నదో కథకునికిఁ దెలియును, ఆ తెలివి యాతనిని వదలదు. హర్‌స్టన్ వ్యాసమున వాదముగా నున్నదే యిచ్చట రసముగా మాఱినది. అట్టి దృశ్యమును వ్రాసినవాఁడే 1971లో 'హోమేజ్ టు విలియం ఎల్. డాసన్' అను పేరుతోఁ దన గురువునకుఁ గృతజ్ఞతాంజలి ఘటించెను.